పాత వెండి రూపాయలు: అసలు, నకిలీ, అరుగుదల – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఇళ్లలో పాత పెట్టెల్లోంచి బయటపడిన వెండి రూపాయల గురించినవే. దాదాపు అందరూ ధర అడిగారు. ధర చివరి ప్రశ్న. దానికన్నా ముందు ఆ బిళ్ల ఏ లోహంతో చేసింది, టంకశాలలో తయారైనదేనా, ఎంత అరిగింది, దాని పైపొరను ఎవరైనా గీకడం, తోమడం, అతకడం వంటివి చేశారా అన్నవి తేలాలి. ఫోటో చూసి వీటిలో ఏదీ నమ్మకంగా చెప్పలేం కనుక, ఎవరికి వారు ఇంట్లోనే చూసుకోగల పద్ధతులను వివరిస్తూ కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నాయనమ్మగారి ట్రంకు పెట్టెలో పదకొండు వెండి రూపాయలు దొరికాయి. కొన్నిటి మీద విక్టోరియా రాణి, కొన్నిటి మీద కిరీటం లేని రాజు, మిగిలినవాటి మీద కిరీటం పెట్టుకున్న రాజు ఉన్నారు. నగల దుకాణంలో క్యారట్ మీటరు మీద పెట్టి చూసి, రెండు బిళ్లలు అనుమానంగా ఉన్నాయన్నారు. అసలువో కావో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కిరీటం లేని రాజు ఏడవ ఎడ్వర్డ్ (రూపాయల మీద 1903 నుంచి 1910 వరకు), కిరీటం ఉన్నవారు ఐదవ జార్జి గానీ ఆరవ జార్జి గానీ అయి ఉంటారు. ముందు తూకంతో మొదలుపెట్టండి. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయిని తెచ్చినప్పటి నుంచి 1939 వరకు, బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు రాగి. పాత తులం కూడా సరిగ్గా ఇంతే. మన పెద్దవాళ్లు బంగారాన్ని, మందుల దినుసులను ‘రూపాయెత్తు’ అని తూచినది ఈ బిళ్లతోనే. వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, ఒక కాలిపర్ ఉంటే ఈ రెండూ ఇంట్లోనే చూడవచ్చు. చేతులు మారి మారి బాగా అరిగిన రూపాయి 11.4 గ్రాముల దాకా దిగవచ్చు, అది దోషం కాదు. కానీ అరిగిన నాణెం బరువు పెరగదు. ముఖం నున్నగా అరిగిపోయి కనిపిస్తూ 11.66 గానీ అంతకు మించి గానీ తూగే బిళ్లను తప్పకుండా పక్కన పెట్టండి. అరిగిన నాణేన్ని అచ్చుగా తీసుకుని కొత్తగా పోత పోసినప్పుడు ఇలాంటి పొంతన కుదరని బరువు వస్తుంది.

రెండో పరీక్ష నీళ్లలో చేసేది. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, త్రాసును సున్నాకు తెచ్చుకోండి. రూపాయిని సన్నని దారంతో కట్టి, అడుగుకు గానీ గోడలకు గానీ తగలకుండా పూర్తిగా మునిగేలా పట్టుకోండి. అప్పుడు త్రాసు చూపే అంకె, ఆ బిళ్ల పక్కకు నెట్టిన నీటి బరువు. మీ బిళ్ల బరువును (అరగనిదైతే 11.66) ఆ అంకెతో భాగిస్తే లోహం సాంద్రత వస్తుంది. అసలు రూపాయికి అది సుమారు 10.3 ఉంటుంది, అంటే త్రాసు 1.13 దగ్గర నిలవాలి. జర్మన్ సిల్వర్ బిళ్ల అయితే అదే బరువుకు 1.35 దాకా చూపుతుంది. సీసం కలిపిన బిళ్ల 1.1 కన్నా కిందికి పోవచ్చు. నాణేనికి గాలి బుడగలు అంటుకుని ఉంటే అంకె తప్పుతుంది కనుక, దారాన్ని మెల్లగా కదిలించి బుడగలు పోయాక చూడండి. ఈ పరీక్ష పూర్తి కచ్చితం కాదు. 92 శాతం వెండికీ 90 శాతం వెండికీ తేడా పట్టుకోలేదు. అయితే వెండి పూత పూసిన ఇతర లోహాన్ని మాత్రం ఇట్టే పట్టిస్తుంది.

దుకాణంలోని క్యారట్ మీటరు విషయానికి వస్తే, అది లోహం మీది పలుచని పొరను మాత్రమే చదువుతుంది. మందంగా వెండి పూత ఉన్న ఇత్తడి బిళ్లను అది మంచి వెండి అనవచ్చు. మురికి, పాత నూనె, నల్లని పొర పట్టిన అసలు రూపాయిని అనుమానించనూ వచ్చు. కాబట్టి మీటరు ‘అనుమానం’ అన్న ఆ రెండిటినీ నీటి పరీక్షలో చూడనిదే తీర్పు ఇవ్వకండి. గీటురాయి మీద రుద్ది ఆమ్లం చుక్క వేసే పరీక్షకు మాత్రం ఒప్పుకోవద్దు. ఆ గీత నాణెం అంచున శాశ్వతంగా మిగిలిపోతుంది, అది చూసి కొనేవాళ్లు వెనకడుగు వేస్తారు. రాతి మీద పడేసి మోత వినడం కూడా అంతే. పైగా లోపల సన్నని పగులున్న అసలు రూపాయి కూడా మొద్దుగా మోగుతుంది.

ఇవన్నీ దాటాక పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో ఒక గంట కూర్చోండి. టంకశాలలో ఉక్కు అచ్చుల మధ్య నొక్కిన నాణెం మీద అక్షరాల గోడలు నిటారుగా, వాటి మొదళ్లు పదునుగా ఉంటాయి. పోత పోసిన నకిలీలో అక్షరం మొదలు మెత్తగా, కరిగినట్టుగా నాణెం నేలలో, అంటే బొమ్మా రాతా లేని ఖాళీ జాగాలో, కలిసిపోతుంది. ఖాళీ జాగాలో సూది పొడిచినట్టు గుంటలు గానీ, ఉబ్బిన చిన్న చుక్కలు గానీ కనిపిస్తాయి. తరవాత అంచు. అంచు చుట్టూ ఉన్న గీతలు ఒకే ఎడంలో, ఒకే లోతులో ఉండాలి. ఒకచోట గీతలు చెరిగి, ఆకురాయితో రాసిన జాడ ఉంటే, అది పోతలో రెండు సగాలు కలిసిన అతుకును దాచిన చోటే అయి ఉండవచ్చు. మీ దగ్గర ఒకే సంవత్సరానివి రెండు ఉంటే పక్కపక్కన పెట్టండి. రెండిటి మీదా ఒకే చోట ఒకే గీత, ఒకే నొక్కు ఉన్నాయంటే ఆ రెండూ ఒకే నకిలీ అచ్చు నుంచి వచ్చాయని అనుమానించాలి, ఎందుకంటే చెలామణిలో తగిలిన దెబ్బ రెండు నాణేలకు ఒకేలా తగలదు. ఈ మధ్య మంచి వెండితోనే, సరైన బరువుతోనే నకిలీలు కొడుతున్నారు. వాటి ముందు త్రాసూ నీళ్లూ ఓడిపోతాయి, చివరికి మిగిలేది ఈ కంటి పరీక్ష ఒక్కటే.

ప్రశ్న: 1947 నాటి రూపాయి అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంది. వెనక పులి బొమ్మ ఉంది. నకిలీ అని పడేయమంటున్నారు.
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: పడేయకండి. 1947 రూపాయి వెండిది కాదు, శుద్ధ నికెల్. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. మీది అంటుకోకపోతేనే అనుమానించాలి. దానికి ముందు, 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయల్లో వెండి సగమే. మిగిలింది 40 పాళ్లు రాగి, ఐదేసి పాళ్లు నికెల్, జింకు. బరువు మాత్రం మారలేదు, అదే 11.66. అందుకే వాటికి పై ఉత్తరంలో చెప్పిన నీటి పరీక్ష చేస్తే 1.22 దగ్గర అంకె వస్తుంది, అది చూసి కంగారు పడనక్కర లేదు. నకిలీలను అరికట్టడానికి ఈ సగం వెండి రూపాయల అంచు మధ్యలో ఒక గాడి కూడా పెట్టారు. 1943 నాటి రూపాయి అంచున గాడి లేకుండా కేవలం నిలువు గీతలే ఉంటే, అది ఆలోచించవలసిన విషయం.

ప్రశ్న: మా తాతగారి నుంచి వచ్చిన చార్మినార్ బొమ్మ రూపాయలు కొన్ని ఉన్నాయి. అమ్మబోతే వెండి కల్తీ అని, బరువు కూడా తక్కువని తీసి పారేశారు. ఇవి నిజాం నాటివేనా? మీద ఉన్న అంకెలు చదవడం ఎలాగో కూడా చెప్పగలరు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, వరంగల్

జవాబు: మీకు చెప్పినవారు బ్రిటిష్ రూపాయి కొలతతో నిజాం రూపాయిని కొలిచారు. హైదరాబాద్ రాజ్యం తన నాణేన్ని తానే కొట్టుకుంది. దాని ప్రమాణం వేరు: బరువు 11.178 గ్రాములు, వెండి వెయ్యికి 818 పాళ్లు. కనుక మీటరు 82 శాతం దగ్గర చూపితే అది కల్తీ కాదు, అసలు లక్షణం. నీటి పరీక్షలో 1.10 దగ్గర రావాలి. బరువూ వెండీ రెండూ తక్కువే కాబట్టి, ఆ రోజుల్లో ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు నిజాం రూపాయలు ఇచ్చేవారు. తెలంగాణ పాత కాగితాల్లో, దస్తావేజుల్లో ‘హాలీ సిక్కా’ (నిజాం రూపాయి), ‘కల్దార్’ (బ్రిటిష్ రూపాయి) అని విడివిడిగా రాయడం ఇందుకే.

చార్మినార్ బొమ్మతో యంత్రం మీద కొట్టిన రూపాయి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321 నుంచి, అంటే 1903 ప్రాంతం నుంచి వచ్చింది. చార్మినార్ మధ్య ద్వారంలోకి భూతద్దంతో చూడండి. అందులో అరబ్బీ లిపిలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రూపాయల్లో ‘ఐన్’ సగమే ఉంటుంది, తరవాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. సేకరించేవారు ఈ రెండిటినీ వేరు రకాలుగా లెక్కిస్తారు. 1911లో, హిజ్రీ 1329లో, తండ్రి మరణించి కొడుకు గద్దెనెక్కారు కనుక ఆ సంవత్సరపు రూపాయి మీ దగ్గర ఉంటే ద్వారంలోని అక్షరం మరీ ముఖ్యం.

అంకెలు అరబ్బీవి అయినా ఎడమ నుంచి కుడికే చదవాలి. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది సున్నా, ఐదు దగ్గర. చిన్న చుక్క సున్నా. గుండ్రంగా, లేదా తలకిందులైన హృదయం ఆకారంలో ఉన్నది ఐదు. రెండుకూ మూడుకూ తేడా పైనున్న పళ్లలో ఉంది: రెండుకు ఒక వంపు, మూడుకు రెండు వంపులు. అరిగిన నాణెం మీద ఆ రెండో వంపు చెరిగిపోతే 1330 కాస్తా 1320 అనిపిస్తుంది, కానీ 1320లో చార్మినార్ రూపాయే లేదు గదా.

నకిలీని పట్టించే ఒక మంచి దారి కూడా ఈ అంకెల్లోనే ఉంది. చార్మినార్ ఉన్న వైపు హిజ్రీ సంవత్సరం, పారశీ రాత ఉన్న వైపు ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అన్న టంకశాల పేరుతో పాటు నిజాం గద్దెనెక్కాక ఎన్నో ఏడో తెలిపే జులూస్ సంవత్సరం ఉంటాయి. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. ఉస్మాన్ అలీ ఖాన్‌కు 1329 మొదటి ఏడు కాబట్టి, 1330 నాణెం మీద ఒకటో రెండో ఉండాలి, 1337 మీద ఎనిమిదో తొమ్మిదో ఉండాలి. రెండు వేర్వేరు నాణేల నుంచి ముఖం ఒకటి, వెనక ఒకటి తీసుకుని పోత పోసినవాళ్లు ఈ లెక్క దగ్గరే దొరికిపోతారు.

ఇంతకన్నా పాత హాలీ సిక్కాలు మీ పెట్టెలో ఉంటే వాటిని ఈ కొలతలతో చూడకండి. అవి సుత్తితో కొట్టినవి. బిళ్ల సరిగ్గా గుండ్రంగా ఉండదు, అచ్చు బిళ్ల కన్నా పెద్దది కావడం వల్ల అక్షరాలు సగం అంచు అవతలికి పోయి ఉంటాయి. అది లోపం కాదు. అలాంటి నాణెం మీద సంవత్సరమూ టంకశాల పేరూ రెండూ పడి ఉంటే విలువ ఎక్కువ. పోల్చి చూసుకోవాలనుకుంటే హైదరాబాద్‌లో సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఉన్నాయి. అసలు నాణేన్ని నాలుగైదుసార్లు దగ్గరగా చూసిన కన్నుకు పోత నాణెం వెంటనే తేడాగా కనిపిస్తుంది. పుస్తకంలో బొమ్మ చూసి ఆ అలవాటు రాదు.

ప్రశ్న: ఈస్టిండియా కంపెనీ అర అణా, 1818, ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం. ఫోనులో ఒకాయన లక్షల్లో కొంటానని, ముందుగా రుసుము కట్టమని అంటున్నాడు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కట్టకండి. ఆ బిళ్లను కంపెనీ ఎన్నడూ కొట్టలేదు. 1616, 1717, 1818 వంటి సంవత్సరాలతో రాముడు, హనుమంతుడు ఉన్న ఈ ‘కంపెనీ అణాలు’ అన్నీ తరవాతి కాలంలో ఊహించి చేసిన బొమ్మ బిళ్లలు. 1616లో కంపెనీకి ఇక్కడ అణాలు కొట్టే అధికారమే లేదు. గుళ్ల దగ్గర అమ్మే రామటంకాలు పూజకు పెట్టుకునేవి, వాటితో ఎవరికీ పేచీ లేదు. వాటిని చెలామణి నాణెమని చెప్పి అమ్మినప్పుడే మోసం. ఈ మాట విని కంపెనీ నాణేల మీద దేవుళ్లే లేరనుకోవద్దు. 19వ శతాబ్ది తొలి ఏళ్లలో మద్రాసు టంకశాల కొట్టిన వెండి అర వరహా, పావు వరహాల మీద ఒకవైపు గుడి గోపురం, మరోవైపు విష్ణుమూర్తి ఉంటారు, తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. అవి అసలైనవి, సేకరించేవారికి ఎంతో ఇష్టమైనవి, అందుకే వాటికీ నకిలీలు ఉన్నాయి. పాత నాణేలు కొంటామని తన పేరు వాడి రుసుములు, కమిషన్లు వసూలు చేసేవారిని నమ్మవద్దని రిజర్వ్ బ్యాంక్ 2021లో ప్రకటన ఇచ్చింది.

ప్రశ్న: అమ్మేవాళ్లు ఒకే 1918 రూపాయిని ఒకరు వీఎఫ్ అని, ఒకరు ఎక్స్‌ఎఫ్ అని, ఇంకొకరు యూఎన్‌సీ అని అంటున్నారు. ధరలో ఎంతో తేడా. ఈ స్థాయిలను మనమే నిర్ణయించుకోవచ్చా? ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించడం లాభమేనా?
– ఒక సేకర్త, విశాఖపట్నం

జవాబు: నిర్ణయించుకోవచ్చు, నిర్ణయించుకోవాలి కూడా. ఇప్పుడు అంతటా వాడుతున్న 70 మార్కుల కొలతను 1949లో విలియం షెల్డన్ అమెరికా రాగి సెంట్ల కోసం తయారు చేశాడు. తరవాత అన్ని దేశాల నాణేలకూ పాకింది. కింది నుంచి పైకి జీ (గుడ్), వీజీ (వెరీ గుడ్), ఎఫ్ (ఫైన్), వీఎఫ్ (వెరీ ఫైన్, 20 నుంచి 35), ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, 40, 45), ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, 50 నుంచి 58), ఆ పైన 60 నుంచి 70 దాకా యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్), అంటే చెలామణిలోకి పోని నాణేలు. ఈ అంకెల వెనక అడిగే ప్రశ్న ఒక్కటే: అచ్చు నుంచి బయటపడ్డ రోజున ఉన్న పైపొరలో ఈ నాణెం మీద ఇంకా ఎంత మిగిలింది?

అరుగుదల ఎత్తైన చోట్ల మొదలవుతుంది. విక్టోరియా రూపాయిలో కిరీటం మీది రాళ్లు, చెవి పైనున్న జుట్టు, రవికె మీది కుట్టుపని చూడాలి. ఎడ్వర్డ్ రూపాయిలో చెవి, చెవి వెనక జుట్టు, గడ్డం. మీరు అడిగిన ఐదవ జార్జి రూపాయిలో కిరీటం మధ్య పట్టీ, కనుబొమ, చెవి, అన్నిటికన్నా ముఖ్యంగా అంగీ మీది ఏనుగు. నాణేన్ని బల్బు కింద వేళ్లతో అంచులు పట్టుకుని, నెమ్మదిగా వాలుస్తూ ఆ ఏనుగును చూడండి. చెవి, తొండం, కాళ్లు విడివిడిగా ఉండి, కిరీటం పట్టీలో రాళ్లన్నీ లెక్కపెట్టగలిగితే ఎక్స్‌ఎఫ్ దగ్గర ఉన్నట్టు. ఏనుగు ఒక ముద్దగా మాత్రమే మిగిలి, కనుబొమ చదునైతే వీఎఫ్. ఏనుగు జాడే లేకపోతే ఎఫ్ కన్నా పైకి ఒప్పుకోకండి.

ఏయూ, యూఎన్‌సీల మధ్య గీత గీసేది మెరుపు. కొత్తగా కొట్టిన వెండి మీద, లోహం అచ్చులోకి పాకినప్పుడు ఏర్పడే అతి సన్నని రేఖల వల్ల, నాణేన్ని వాల్చి తిప్పితే వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరిగే వెలుగు చెంప మీద, ఏనుగు మీద తెగకుండా సాగితే యూఎన్‌సీ. ఎత్తైన చోట్ల బూడిద రంగు మచ్చలా తెగితే, అమ్మేవాడు ఎంత వాదించినా అది ఏయూ. అయితే ఎత్తైన చోట వివరం లేదంటే ప్రతిసారీ అరుగుదలే కారణం కాదు. అచ్చు బలంగా పడకపోయినా వివరం రాదు. అలాంటి నాణెం మీద వివరం లేని చోటు కూడా మెరుస్తూనే ఉంటుంది. అరిగిన చోటు మెరవదు. సంచుల్లో ఒకదానికొకటి తగిలిన నొక్కులు యూఎన్‌సీ నాణేనికి కూడా ఉంటాయి. అవి అంకెను తగ్గిస్తాయి గానీ దాన్ని చెలామణి నాణెంగా మార్చవు.

సీలు సంగతి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి అమెరికా సంస్థలు నాణేన్ని పరిశీలించి, అంకె వేసి, గట్టి పెట్టెలో పెట్టి ఇస్తాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండి కరువై, 1918 పిట్‌మన్ చట్టం కింద అమెరికా తన వెండి డాలర్లను కోట్లలో కరిగించి, అందులో అధిక భాగాన్ని భారత రూపాయల కోసమే పంపింది. అందుకే ఆ కాలపు రూపాయలు ఇప్పటికీ ఊరూరా దొరుకుతాయి. వీఎఫ్‌లో ఉన్న 1918 రూపాయి విలువ వెండి ధరను పెద్దగా దాటదు, సీలు ఖర్చుకు తగ్గ లాభం ఉండదు. అరుదైన సంవత్సరం గానీ, నిజంగా 63, 64 వచ్చే ఆశ గానీ ఉంటేనే పంపండి. సీలు ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు, నకిలీ పెట్టెలు కూడా బజారులో ఉన్నాయి. పెట్టె మీది అంకెను ఆ సంస్థ సైటులో చూసి, అక్కడి ఫోటోలోని గీతలు చేతిలోని నాణెం గీతలతో కలుస్తున్నాయో లేదో పోల్చాలి.

ప్రశ్న: నల్లబడిన ఎడ్వర్డ్ రూపాయలను చింతపండుతో, ముగ్గుపిండితో తోమి తళతళలాడేలా చేశాను. ఇప్పుడు సగం ధరకు కూడా అడగడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వెండి పళ్లేనికి చేయవలసిన పనిని నాణేనికి చేశారు. ఆ నలుపు వెండి గాలిలోని గంధకంతో కలిసి ఏర్పడిన పొర. ముగ్గుపిండి, బూడిద, పళ్ల పేస్టు దాన్నే కాక దాని కింది వెండిని కూడా గీకేస్తాయి. బల్బు కింద వాల్చి చూడండి: ఒకే దిశలో పోయే వెంట్రుకంత గీతలు ఖాళీ జాగా అంతటా కనిపిస్తాయి. పై ఉత్తరంలో చెప్పిన తిరిగే మెరుపు ఇక ఉండదు, అన్నివైపులా ఒకే రకం తెల్లదనం ఉంటుంది. వెండి నలుపు తీసే ఆమ్ల ద్రావకంలో ముంచి తీసినా అంతే, గీతలు రావు గానీ మెరుపు పోతుంది. సీలు వేసే సంస్థలు ఇలాంటి నాణేలకు అంకె వేయకుండా ‘శుభ్రం చేయబడినది’ అని రాసి పంపుతాయి. పైగా పోత గుంటలు, అచ్చు రేఖలు, పాత అతుకు జాడలు అన్నీ ఆ పైపొరలోనే ఉంటాయి. దాన్ని తోమేస్తే మంచి నాణెం కూడా తన నిజాన్ని రుజువు చేసుకోలేక మిగిలిపోతుంది.

తోమినవాటిని మళ్లీ నల్లబరచాలని గుడ్డు పచ్చసొన, అగరుబత్తి పొగ వంటి చిట్కాలకు పోకండి. కాగితపు కవరులో ఏళ్ల తరబడి వదిలేస్తే వచ్చే సహజమైన బూడిద రంగే నయం. మిగిలినవాటికి మట్టి, జిడ్డు ఉంటే బ్యాటరీకి పోసే శుద్ధజలంలో నానబెట్టి, మెత్తని గుడ్డ మీద పెట్టి అద్దండి, రుద్దకండి. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లో ఉంచినవాటి మీద ఆకుపచ్చ జిగురు కనిపిస్తే శుద్ధమైన అసిటోన్‌లో ముంచి తీయవచ్చు. దాన్ని పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి చేయాలి. రబ్బరు బ్యాండ్లు, ఉన్నిగుడ్డ, వార్తాపత్రిక కాగితం వెండికి శత్రువులు.

ప్రశ్న: మా అమ్మమ్మ లంబాడీ హారంలోని రూపాయలను విడదీసి విడిగా అమ్మాలనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: విడదీయకముందే ఆలోచించండి. కొక్కెం అతికించిన నాణెం మీద, దాన్ని తీసేసినా, అంచున పై భాగంలో టంకం మచ్చ మిగులుతుంది. అక్కడ అంచు గీతలు పూడిపోయి ఉంటాయి. ఎంత మంచి కంసాలి సరిచేసినా భూతద్దం కింద దొరుకుతుంది, నాణెంగా దాని ధర వెండి ధర దగ్గరికే దిగుతుంది. పాత పనితనం ఉన్న హారానికి హారంగానే విలువ ఎక్కువ. కొనేవారికి కూడా ఒక మాట: పన్నెండు గంటల స్థానంలో అంచును తిప్పి చూడనిదే విక్టోరియా రూపాయి కొనకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. ఊళ్లో మా వాటాకు వచ్చిన విక్టోరియా రూపాయలను వెంట తెచ్చుకోవచ్చా? పొలంలో దొరికిన పాత వెండి నాణేలు కూడా కొన్ని ఉన్నాయి.
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ, ఐదవ జార్జి రూపాయల్లో 1922 వరకు వచ్చినవన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. పొలంలో దొరికినవాటి సంగతి వేరు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది, ఆ చట్టం ఇప్పటికీ ఉంది. ఎక్కడ, ఎంత లోతులో, ఏ కుండలో దొరికాయన్నది పురావస్తు శాఖకు నాణెం కన్నా ముఖ్యం కాబట్టి వాటిని కడగకుండా అప్పగించమని మీ వాళ్లకు చెప్పండి.

ప్రశ్న: 1911 ‘పంది రూపాయి’, 1939 రూపాయి రెండూ చాలా అరుదని విన్నాను. రెండూ ఒకే దుకాణంలో చూపించారు. కొనవచ్చా?
– ఒక సేకర్త, విజయవాడ

జవాబు: 1911లో ఐదవ జార్జి అంగీ మీది ఏనుగు పొట్టి తొండంతో పందిలా కనిపించి గొడవ కావడంతో, కొట్టిన 94 లక్షల రూపాయల్లో ఏడు లక్షలు మాత్రమే బయటికి వెళ్లి మిగిలినవి కరిగిపోయాయి. 1912 నుంచి ఏనుగును మార్చారు. ఏడు లక్షలంటే మరీ దొరకని సంఖ్య కాదు. 1911 రూపాయి అరిగిన స్థితిలో బజారులో కనిపిస్తూనే ఉంటుంది, లక్షలు అడిగితే నవ్వి వెళ్లిపోవచ్చు. మంచి స్థితిలో ఉన్నదానికే నిజమైన గిరాకీ.

1939ది అలా కాదు. అది దాదాపు అంతా టంకశాల గడప దాటకుండానే కరిగిపోయింది, మిగిలినవి బహు కొద్ది. దాన్ని అనుకరించే సులువైన దారి, మామూలుగా దొరికే 1938 రూపాయిలో చివరి ఎనిమిదిని గీకి తొమ్మిదిగా మార్చడం. కాబట్టి భూతద్దం కింద ఆ చివరి అంకెనే చూడండి. దాని ఎడమ కింది భాగంలో నేల చుట్టుపక్కల కన్నా నున్నగా గానీ, కాస్త గుంటగా గానీ ఉందా? అంకె మిగిలిన మూడు అంకెలంత ఎత్తు ఉందా? దాని తొమ్మిదీ, ముందున్న 19లోని తొమ్మిదీ ఒకే పోలికలో ఉన్నాయా? బల్బును పక్క నుంచి పెడితే గీకిన చోట నీడ తేడాగా పడుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి అనుమానంగా ఉన్నా, పేరున్న సంస్థ సీలు లేకుండా ఆ నాణేన్ని కొనవద్దు; సీలుకు పంపే ఖర్చు అమ్మేవాడే భరిస్తానంటే, నిజమని తేలాకే డబ్బు ఇస్తామని రాయించుకుని అప్పుడు మాట్లాడండి.